22 విజయాలు, ఆ తర్వాత ఒక్క ఓటమి: బేస్‌బాల్ జైత్రయాత్రలు ఎలా ఆగుతాయి?

క్లుప్తంగా: 2017లో క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి, 23వ మ్యాచ్‌లో ఒక్క పరుగు తేడాతో ఓడింది. ఇలాంటి ఓటమి రాగానే తప్పెవరిదన్న వెతుకులాట మొదలవుతుంది. ఈ ఆట నడిచే తీరు చూస్తే ఆ ఓటమికి ప్రత్యేకమైన కారణం అక్కర్లేదు. వివరణ కావలసింది అంతకుముందు వచ్చిన 22 విజయాలకే. అవి ఎలా వచ్చాయి, ఆగాక జట్టు ఏమవుతుంది, టైటిల్ తేల్చే అక్టోబర్ మ్యాచ్‌ల్లో వాటికి విలువెంత అన్నదే ఈ వ్యాసం.

2017 సెప్టెంబర్ 15, శుక్రవారం రాత్రి. క్లీవ్‌లాండ్‌లోని ప్రోగ్రెసివ్ ఫీల్డ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్, మామూలుగా మ్యాచ్‌లో అదే చివరిది. ఆతిథ్య జట్టు 4-3తో వెనకబడి ఉంది. కాన్సస్ సిటీ రాయల్స్ తరఫున మైక్ మైనర్ అనే ఎడమచేతి పిచ్చర్ (బంతి విసిరేవాడు) వచ్చి ముగ్గురు బ్యాటర్లనూ స్ట్రైక్ అవుట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైకులతో వెనక్కి పంపాడు. మూడు వారాలకు పైగా ఓటమి ఎరగని జట్టు ఓడిపోయింది. అప్పుడు స్టేడియంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆటగాళ్లు డగౌట్‌లోంచి బయటికొచ్చి టోపీలు తీసి అభివాదం చేశారు.

సొంత మైదానంలో ఓడిన జట్టుకు అలాంటి మర్యాద అరుదు. ఆ జట్టు పేరు అప్పట్లో ఇండియన్స్. 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అయింది. మైదానంలో చప్పట్లు కొట్టినవాళ్లలో చాలామంది మర్నాటి నుంచి వేసుకున్న ప్రశ్నలు మాత్రం మామూలువే. జోరు తగ్గిందా? పిచ్చర్ని ముందే మార్చాల్సిందా? అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్‌కి ఇది చెడు సూచనా? ఏ జట్టు పరంపర ఆగినా వినిపించే ప్రశ్నలే ఇవి. జవాబు కోసం ముందు ఆ మూడు వారాల లెక్క చూడాలి.

ఆ మూడు వారాలు

ఆగస్టు 24న బోస్టన్ రెడ్ సాక్స్ మీద గెలుపుతో మొదలైంది. ఆ వెంటనే రాయల్స్ మూడు మ్యాచ్‌ల కోసం క్లీవ్‌లాండ్ వచ్చింది. మూడింటిలోనూ కలిపి ఒక్క పరుగు కూడా చేయలేకపోయింది. ఆ తర్వాత యాంకీస్‌ని న్యూయార్క్‌లోనే మూడుసార్లు, డెట్రాయిట్ టైగర్స్‌ని నాలుగుసార్లు, చికాగో వైట్ సాక్స్‌ని నాలుగుసార్లు, బాల్టిమోర్ ఓరియోల్స్‌ని మూడుసార్లు, మళ్లీ టైగర్స్‌ని మూడుసార్లు ఓడించారు. సెప్టెంబర్ 14న రాయల్స్ మీద 22వ విజయం.

పరుగుల లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఈ 22 మ్యాచ్‌ల్లో క్లీవ్‌లాండ్ చేసినవి 142 పరుగులు, ఇచ్చినవి 37. క్లీవ్‌లాండ్ బ్యాటర్లు కొట్టిన హోమ్ రన్లే (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) 41. అంటే ప్రత్యర్థులందరూ కలిసి చేసిన పరుగుల కన్నా వీళ్ల హోమ్ రన్లు ఎక్కువ.

చేసిన పరుగుల్ని, ఇచ్చిన పరుగుల్ని బట్టి జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలవాలో అంచనా వేసే సూత్రం ఒకటుంది. బిల్ జేమ్స్ అనే బేస్‌బాల్ విశ్లేషకుడు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవాటి వర్గమూ ఇచ్చినవాటి వర్గమూ కలిపిన మొత్తంతో భాగించాలి. 142, 37 అంకెలు వేసి చూస్తే 93.6 శాతం వస్తుంది. 22 మ్యాచ్‌లకు ఇది దాదాపు 20.6 విజయాలు. చివరి నిమిషంలో గట్టెక్కి గట్టెక్కి పోగేసిన విజయాలైతే ఈ అంకె 14, 15 దగ్గర ఆగేది. అదృష్టం కలిసొచ్చిందంటే, ఈ మూడు వారాల్లో కలిసొచ్చింది ఒకటిన్నర మ్యాచే.

ఇంత ఆధిపత్యం ఎక్కడిది? మొదటి కారణం పిచ్చర్లు. బేస్‌బాల్ తెలియనివారికి ఒక్క మాట: ఈ ఆటలో ప్రతి జట్టుకూ మామూలుగా ఐదుగురు స్టార్టింగ్ పిచ్చర్లు (మ్యాచ్ మొదటినుంచి బంతి విసిరేవాళ్లు) ఉంటారు. ఒకరు ఒకరోజు ఆడితే మళ్లీ ఆయన వంతు వచ్చేది ఐదో రోజునో ఆరో రోజునో. కాబట్టి ఒకే జట్టు సోమవారం ఒకలా, మంగళవారం ఇంకోలా ఉంటుంది. మంచి జట్లలో కూడా నాలుగో ఐదో పిచ్చర్ దగ్గరికి వచ్చేసరికి బలహీనత బయటపడుతుంది, పరంపరలు సాధారణంగా తెగేది అక్కడే. క్లీవ్‌లాండ్‌కి ఆ బలహీన రోజు దాదాపు లేకుండా పోయింది. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్న కోరీ క్లూబర్, కార్లోస్ కరాస్కో, ట్రెవర్ బావర్, మైక్ క్లెవింజర్ వరసగా దిగారు. మైకేల్ బ్రాంట్లీ, జేసన్ కిప్నిస్ లాంటి ముఖ్యమైన బ్యాటర్లు గాయాలతో బయట కూర్చున్నా నష్టం కనిపించలేదు.

రెండో కారణం గురించి అభిమానులు అంతగా మాట్లాడరు. 22లో 11 మ్యాచ్‌లు టైగర్స్, వైట్ సాక్స్ మీద ఆడినవే. ఆ సీజన్‌లో టైగర్స్ 98, వైట్ సాక్స్ 95 ఓడాయి. రెండు జట్లూ పేరున్న ఆటగాళ్లను అమ్మేసుకుని కొత్తవాళ్లతో ఆడుతున్నాయి. టైగర్స్ తమ ప్రధాన పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్‌ని ఆగస్టు 31న హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. మర్నాడే క్లీవ్‌లాండ్‌తో సిరీస్ మొదలైంది.

మూడోది నిబంధన. అప్పట్లో సెప్టెంబర్ 1 నుంచి జట్లు 40 మంది దాకా ఆటగాళ్లను అందుబాటులో ఉంచుకోవచ్చు. దాంతో మ్యాచ్ చివర్లో దిగే బుల్‌పెన్ పిచ్చర్లకు విశ్రాంతి దొరికేది. 2020 నుంచి ఆ సంఖ్యను 28కి కుదించారు. రేపు ఏ జట్టయినా సెప్టెంబర్‌లో ఇంత పొడవు పరంపర సాధించాలంటే అలసట మీద కూడా గెలవాల్సి ఉంటుంది.

ఇన్ని అనుకూలించినా 22వ మ్యాచ్ చేజారేదే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ 2-1తో వెనకబడింది. ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది, అప్పటికే ఇద్దరు అవుట్. ఫ్రాన్సిస్కో లిండార్ మీద రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇంకొక్క స్ట్రైక్ పడితే కథ 21 దగ్గరే ముగిసేది. లిండార్ ఎడమవైపు గోడకేసి బంతిని బాదాడు, స్కోరు సమమైంది. పదో ఇన్నింగ్స్‌లో జే బ్రూస్ కొట్టిన డబుల్‌తో (పరుగు కోసం చుట్టాల్సిన నాలుగు బేస్‌ల్లో రెండోదాని దాకా బ్యాటర్‌ని చేర్చే దెబ్బ) హోసే రమిరెజ్ గెలుపు పరుగు తీశాడు. బ్రూస్ ఆ జట్టుకు వచ్చింది ఆగస్టులోనే. 21కీ 22కీ మధ్య తేడా ఒక స్ట్రైక్. మర్నాటి ఓటమిని ఈ మ్యాచ్‌తో పోల్చి చూస్తే, రెండు రోజుల ఆటతీరులో పెద్ద మార్పేమీ కనబడదు. ఫలితం మాత్రం ఒకరోజు ఇటు, ఒకరోజు అటు.

ఓడటానికి ప్రత్యేకంగా కారణం కావాలా?

బేస్‌బాల్ సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టు ఆడే 14 మ్యాచ్‌లతో పోలిస్తే పదకొండు రెట్ల పైమాటే. ఇన్ని ఆడితే ఎంతటి జట్టయినా చాలాసార్లు ఓడుతుంది. ఒక సీజన్‌లో అత్యధిక విజయాల రికార్డు 116. 1906లో చికాగో కబ్స్, 2001లో సియాటిల్ మారినర్స్ ఆ మార్కు అందుకున్నాయి. మారినర్స్ ఆ గొప్ప ఏడాదిలో కూడా 46 ఓడింది. అటు చివర చూస్తే, 2024లో 121 మ్యాచ్‌లు ఓడిన వైట్ సాక్స్ కూడా 41 గెలిచింది. అంటే అత్యంత బలహీన జట్టు కూడా నాలుగు రోజుల్లో ఒకరోజు ఎవరో ఒకరిని ఓడిస్తుంది.

దీనికి కారణం ఆటలోనే ఉంది. గుండ్రటి బ్యాట్, గుండ్రటి బంతి. బ్యాట్ బంతికి తగిలే చోటు మిల్లీమీటర్లలో మారితే హోమ్ రన్ కావలసింది ఫీల్డర్ చేతిలో పడే క్యాచ్ అవుతుంది. గట్టిగా కొట్టిన బంతి నేరుగా ఫీల్డర్ దగ్గరికి పోవచ్చు, సరిగ్గా తగలని బంతి ఇద్దరి మధ్య పడి పరుగు తేవచ్చు. పదిసార్లు బ్యాటింగ్‌కి దిగి మూడుసార్లు హిట్ (బేస్‌కి చేర్చే దెబ్బ) కొట్టేవాడు మేటి బ్యాటర్. ఇలాంటి చిన్న చిన్న అనిశ్చితులు ఒక మ్యాచ్‌లో కుప్పపడితే బలమైన జట్టుకు ఉన్న పైచేయి కాస్తా పలచబడుతుంది. నెలల మీద నెలలు ఆడితే మళ్లీ తేలుతుంది.

క్లీవ్‌లాండ్ ఆ సీజన్ 102-60తో (102 గెలుపులు, 60 ఓటములు) ముగించింది. అంటే 63 శాతం విజయాలు. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 63 శాతం అనుకుంటే, ఫలానా రోజు మొదలుపెట్టి వరసగా 22 గెలిచే అవకాశం దాదాపు 26,000లో ఒకటి. 162 మ్యాచ్‌ల్లో ఎక్కడో ఒకచోట ఆ పరంపర వచ్చే అవకాశం లెక్కిస్తే సుమారు 500 సీజన్లకు ఒకసారి. అదీ ప్రతి ఏడూ 102 గెలిచే స్థాయి జట్టు ఉంటే. నాణెం ఎగరేసినట్టు 50 శాతం అవకాశమున్న జట్టుకైతే 42 లక్షల్లో ఒకటి.

ఇప్పుడు అదే లెక్కను 23వ మ్యాచ్‌కి వర్తింపజేస్తే జవాబు చాలా సాదాగా ఉంటుంది: ఓడే అవకాశం 37 శాతం. 22 గెలిచాక కూడా 37 శాతమే, 3 గెలిచాక కూడా అంతే. సొంత మైదానం, ఎదురుగా ఆ ఏడాది 80-82తో ముగించిన రాయల్స్ కాబట్టి కొంచెం తగ్గించి మూడింట ఒకటి అనుకున్నా, మూడు రోజుల్లో ఒకరోజు జరిగే సంగతికి నేరస్తుణ్ని వెతకాల్సిన పనిలేదు. మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా పిచ్చర్ని ఎప్పుడు మార్చాడన్న చర్చ వ్యర్థమని కాదు. అలాంటి నిర్ణయాలు గెలిచిన 22 మ్యాచ్‌ల్లోనూ ఉన్నాయి, వాటిలో కొన్ని తప్పులే. గెలిచారు కాబట్టి ఎవరూ లెక్కపెట్టలేదు.

క్రికెట్‌తో పోల్చి చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. స్టీవ్ వా ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చింది. ఆ పరంపరను ఆపడానికి ఏం కావలసి వచ్చింది? ఫాలోఆన్ ఆడుతున్న జట్టులో హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు చేయాల్సి వచ్చింది, రాహుల్ ద్రవిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పాల్సి వచ్చింది. ఆపై హర్భజన్ సింగ్ చివరి రోజు స్పిన్‌తో చుట్టేయాల్సి వచ్చింది. ఐదు రోజుల ఆటలో బలమైన జట్టుకు కోలుకునే సమయం బోలెడంత ఉంటుంది కాబట్టి, దాన్ని ఓడించాలంటే చరిత్రలో నిలిచిపోయే పని చేయాలి. క్లీవ్‌లాండ్‌ని ఆపడానికి రాయల్స్ చేసింది ఓ మోస్తరు మంచి ఆట మాత్రమే. టెస్టు పరంపర ఆగితే ప్రత్యర్థి ఏం చేశాడన్నది అడగాలి. బేస్‌బాల్ పరంపర ఆగితే ఆ ప్రశ్నకు చాలాసార్లు చెప్పుకోదగ్గ జవాబు ఉండదు. అమెరికాలో పిల్లల వల్ల ఈ ఆట ఇంట్లోకి వచ్చిన తెలుగు కుటుంబాల్లో, క్రికెట్ కళ్లతో చూసే పెద్దలకు ఇది కొరుకుడుపడని విషయం. మొన్న పది పరుగులతో చిత్తుచేసిన జట్టు చేతిలో ఇవాళ ఎలా ఓడారని అడుగుతారు. మొన్నటి పిచ్చర్ ఇవాళ ఆడలేదు, అంతే.

ఊపు ఉందా, లేదా?

వరసగా గెలుస్తున్న జట్టు గురించి రెండు నమ్మకాలు పక్కపక్కనే బతుకుతుంటాయి. జోరు మీదున్నారు కాబట్టి రేపూ గెలుస్తారన్నది ఒకటి. ఇన్ని గెలిచారు కదా, ఇక ఓడే టైమ్ దగ్గరపడిందన్నది రెండోది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఒకే మనిషి పొద్దున మొదటిదీ, టెన్షన్ పెరిగాక సాయంత్రం రెండోదీ అంటుంటాడు.

పరిశోధన వైపు చూస్తే, 1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వాలోన్, అమోస్ ట్వెర్‌స్కీ బాస్కెట్‌బాల్ షాట్లను పరిశీలించి, వరసగా బాస్కెట్లు వేసినవాడికి తర్వాతి షాట్‌లో అదనపు అవకాశమేమీ లేదని తేల్చారు. చాలా ఏళ్లు అదే చివరి మాటగా నడిచింది. 2018లో జాషువా మిల్లర్, ఆడమ్ సన్‌హుర్హో ఆ లెక్కింపు పద్ధతిలోనే ఒక సన్నని పొరపాటుందని చూపించారు. దాన్ని సరిచేస్తే కొంత ఊపు నిజంగానే కనిపిస్తుందన్నారు. కాబట్టి ఊపు పూర్తిగా భ్రమ అని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. కాకపోతే అది ఒక ఆటగాడి చేతికి సంబంధించిన సంగతి. బేస్‌బాల్ జట్టులో ఆటను అన్నిటికన్నా ఎక్కువగా శాసించే స్టార్టింగ్ పిచ్చర్ రోజూ మారిపోతాడు. నిన్నటి ఊపు ఎవరి చేతిలో ఉందో ఆయన ఇవాళ బెంచీ మీద కూర్చుని ఉంటాడు. రేపటి పిచ్చర్ ఎవరో చెబితే ఊపెంతో చెబుతామని ఈ ఆటలో పాతకాపులు అనేది అందుకే.

పరంపర ఆగితే ఊపు కూడా పోతుందా అన్నదానికి క్లీవ్‌లాండ్‌లోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1941లో యాంకీస్ ఆటగాడు జో డిమాజియో వరసగా 56 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు. జులై 17న క్లీవ్‌లాండ్‌లో అది ఆగింది. మూడో బేస్ దగ్గర కెన్ కెల్ట్‌నర్ రెండు గట్టి బంతుల్ని అడ్డుకున్నాడు. మర్నాటి నుంచి డిమాజియో మళ్లీ వరసగా 16 మ్యాచ్‌ల్లో హిట్లు కొట్టాడు. 2017 క్లీవ్‌లాండ్ కూడా అంతే. ఆ ఓటమి తర్వాత మిగిలిన 14 మ్యాచ్‌ల్లో 11 గెలిచింది. జోరు తగ్గిందన్న వాదనకు ఇక్కడ ఆధారం దొరకదు.

అభిమానికి ఎందుకంత భారం?

జట్టు 91-57తో ఉంది, డివిజన్‌లో, అంటే తన గుంపు జట్లలో తిరుగులేని ఆధిక్యం ఉంది. అయినా ఒక్క ఓటమి అంత పెద్దదిగా ఎందుకు అనిపించింది? లాభనష్టాల్ని మనిషి మొత్తం మీద కాకుండా ఏదో ఒక ప్రామాణిక బిందువు నుంచి కొలుస్తాడని డేనియల్ కానమన్, ట్వెర్‌స్కీ చెప్పారు. అదే పరిమాణంలో లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం పెట్టే బాధ ఎక్కువని కూడా చూపించారు. మామూలు సీజన్‌లో అభిమాని ప్రామాణికం పదింటికి ఆరు విజయాలు. వారాల తరబడి ఓటమి లేకపోతే ఆ గీత మెల్లగా పైకి జరిగి, రోజూ గెలవడమే మామూలు అయిపోతుంది. అప్పుడు గెలుపులో కొత్త సంతోషం తగ్గుతుంది, ఓటమిలో మాత్రం పూర్తి నష్టం ఉంటుంది. పరంపర పొడుగయ్యేకొద్దీ మ్యాచ్ చూడటంలో సుఖం తగ్గి భయం పెరగడానికి కారణమిదే.

ఆచారాలూ ఆ భయంలోంచే పుడతాయి. గెలుస్తున్నంత కాలం గడ్డం గీయకపోవడం, ఉతకని అదే టోపీ పెట్టుకోవడం అమెరికాలో మామూలు. మన దగ్గర మ్యాచ్ నడుస్తుంటే సోఫాలో కూర్చున్న చోటునుంచి లేవనివ్వకపోవడం లాంటిదే ఇదీను. ఫలితం మీద ప్రభావం సున్నా అని చేసేవాళ్లకు కూడా తెలుసు.

అయితే అన్ని ఓటములూ ఒకటి కావు. 2023 వన్డే ప్రపంచకప్‌లో భారత్ వరసగా 10 మ్యాచ్‌లు గెలిచి, నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. అది కూడా పరంపర ఆగడమే, కానీ ఆ మర్నాడు ఆడటానికి మ్యాచ్ లేదు. క్లీవ్‌లాండ్‌కి మర్నాడే ఇంకో మ్యాచ్ ఉంది. ప్రోగ్రెసివ్ ఫీల్డ్‌లో ప్రేక్షకులు చప్పట్లు కొట్టగలిగారంటే, ఓటమి వల్ల పోయింది రికార్డే తప్ప సీజన్ కాదని వాళ్లకు తెలుసు కాబట్టి.

పాత పరంపరలు, ఆ తర్వాతి కథలు

వరస విజయాల్లో అసలు రికార్డు క్లీవ్‌లాండ్‌ది కాదన్న వాదన ఉంది. 1916 సెప్టెంబర్‌లో జాన్ మెక్‌గ్రా నడిపిన న్యూయార్క్ జెయింట్స్ 26 గెలిచింది, అన్నీ సొంత మైదానం పోలో గ్రౌండ్స్‌లోనే. కాకపోతే 12 విజయాల తర్వాత పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒక మ్యాచ్ వర్షం వల్ల 1-1 దగ్గర ఆగిపోయింది, మిగతా 14 ఆ తర్వాత వచ్చాయి. అధికారికంగా టై పరంపరను తెంచదు కాబట్టి రికార్డు 26. మధ్యలో గెలవని మ్యాచ్ ఉన్నప్పుడు వరస ఎలా అవుతుందనేవాళ్లు 22నే లెక్కలోకి తీసుకుంటారు. దీని మీద వాదన ఇప్పట్లో తెగేది కాదు.

ఆ జెయింట్స్ కథలో ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. అదే ఏడాది మే నెలలో వాళ్లు బయటి మైదానాల్లో వరసగా 17 గెలిచారు. 26, 17 కలిపితే 43 విజయాలు. సీజన్ చివర మాత్రం 86-66తో నాలుగో స్థానం. అంటే ఆ రెండు పరంపరలు తీసేస్తే 43-66. పరంపర జట్టు స్థాయిని చూపిస్తుందన్న నమ్మకానికి ఇంతకన్నా గట్టి దెబ్బ బేస్‌బాల్ చరిత్రలో కనబడదు.

1935లో చికాగో కబ్స్ పరిస్థితి దీనికి తలకిందులు. సెప్టెంబర్‌లో 21 గెలిచి, వెనకనుంచి వచ్చి నేషనల్ లీగ్ టైటిల్ ఎగరేసుకుపోయారు. పరంపర లేకపోతే ఆ టైటిల్ లేదు. రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ఫైనల్, వరల్డ్ సిరీస్‌లో మాత్రం డెట్రాయిట్ టైగర్స్ చేతిలో ఓడారు.

2002లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ 20 గెలిచింది. ఇరవయ్యోది రాయల్స్ మీదే. 11-0 ఆధిక్యంలోంచి 11-11కి జారి, చివరికి స్కాట్ హ్యాట్‌బర్గ్ హోమ్ రన్‌తో 12-11తో బయటపడింది. తర్వాతి మ్యాచ్‌లో మిన్నెసోటా పిచ్చర్ బ్రాడ్ రాడ్‌కీ ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. 6-0తో పరంపర ముగిసింది. అక్టోబర్‌లో మళ్లీ అదే మిన్నెసోటా వాళ్లను ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో ఇంటికి పంపింది.

1987 మిల్వాకీ బ్రూవర్స్‌ది మరో రకం. సీజన్ మొదలుపెట్టడమే 13-0తో మొదలుపెట్టారు. జట్టు వరసగా 12 గెలిస్తే ఉచితంగా బర్గర్లు ఇస్తామని ఎప్పటినుంచో చెబుతూ వచ్చిన జార్జ్ వెబ్ అనే స్థానిక హోటళ్ల సంస్థ, మాట నిలబెట్టుకుని లక్షన్నరకు పైగా బర్గర్లు పంచింది. మే నెలకల్లా అదే జట్టు వరసగా 12 ఓడింది. చివరికి 91 గెలిచి డివిజన్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

2017 క్లీవ్‌లాండ్‌తో పోల్చి చూడాల్సిన జట్టు ఆ ఏడాదే ఇంకొకటుంది. క్లీవ్‌లాండ్ గెలుస్తున్న ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ 17లో 16 మ్యాచ్‌లు ఓడింది, అందులో 11 వరసగా. పని అయిపోయిందన్నారు అందరూ. ఆ జట్టు 104 విజయాలతో సీజన్‌ని లీగ్‌లోనే మొదటి స్థానంలో ముగించి, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. సెప్టెంబర్ మొదటి రెండు వారాలు చూసి అక్టోబర్‌ని ఊహించినవాళ్లు రెండు జట్ల విషయంలోనూ పొరబడ్డారు.

అక్టోబర్ లెక్క వేరు

క్లీవ్‌లాండ్ ప్లేఆఫ్స్‌లో ఐదు మ్యాచ్‌ల డివిజన్ సిరీస్‌లో యాంకీస్ మీద మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచింది. రెండోదాంట్లో 8-3తో వెనకబడి, 13 ఇన్నింగ్స్ ఆడి 9-8తో నెగ్గింది. ఆ తర్వాత వరసగా మూడు ఓడి ఇంటిదారి పట్టింది. అంతకు ముందు ఏడాది వరల్డ్ సిరీస్‌లో కబ్స్ మీద 3-1 ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు, 1948 తర్వాత టైటిల్ ఎరగని జట్టు కావడంతో, 22 విజయాలకు విలువేముందన్న నిట్టూర్పు బయల్దేరింది.

ఇక్కడ కూడా లెక్క ఉంది. ఒక జట్టుకు ప్రతి మ్యాచ్‌లో 55 శాతం అవకాశముంటే ఐదు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 59 శాతం. ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయినా 61 శాతమే. 60 శాతం అవకాశమున్న జట్టు కూడా ఐదు మ్యాచ్‌ల సిరీస్‌ని మూడింట ఒకసారి పోగొట్టుకుంటుంది. 162 మ్యాచ్‌లు తేల్చిన సత్యాన్ని ఐదు మ్యాచ్‌లు ధ్రువీకరించాలని ఆశించడం ఆ ఐదింటి మీద చాలా బరువు మోపడమే.

ఇంకో సంగతి కూడా ఉంది, అది అదృష్టం కాదు. పరంపరలు కట్టే బలం, అక్టోబర్‌లో గెలిపించే బలం ఒకటి కాదు. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య విశ్రాంతి రోజులుంటాయి. అందుకని జట్లు ముగ్గురు, నలుగురు పిచ్చర్లతోనే నడిపిస్తాయి. నాలుగో ఐదో పిచ్చర్ దాకా బలంగా ఉన్న జట్టుకు సెప్టెంబర్‌లో కలిగే లాభం అక్టోబర్‌లో చాలావరకు మాయమవుతుంది. మేటి పిచ్చర్లు ఇద్దరు ముగ్గురున్న జట్టు అక్కడ సమానమవుతుంది, ఒక్కోసారి పైచేయి సాధిస్తుంది. వైట్ సాక్స్, టైగర్స్ లాంటి జట్లు కూడా అక్కడ ఎదురుపడవు.

అందుకే పరంపర ఆగిన మర్నాడు అభిమాని చూడాల్సినవి స్కోరుబోర్డు మీద ఉండవు. బుల్‌పెన్‌లో ఎవరు వరసగా ఎన్ని రోజులు ఆడారు, ప్రధాన పిచ్చర్ బంతి వేగం తగ్గుతోందా, గెలుపుల్లో పరుగుల తేడా కుంచించుకుపోతూ వచ్చిందా అన్నవి చూడాలి. తేడా బాగా ఉండి ఒక మ్యాచ్ పోతే కంగారు అక్కర్లేదు. క్లీవ్‌లాండ్ ఆ సీజన్ మొత్తం మీద ఇచ్చినవాటి కన్నా 254 పరుగులు ఎక్కువ చేసింది. ఓటమికి ముందు, తర్వాత కూడా అది గొప్ప జట్టే. వరసగా ఒక్కో పరుగు తేడాతో, అదనపు ఇన్నింగ్స్‌లో గెలుస్తూ వస్తే మాత్రం పరంపర ఆగకముందే జాగ్రత్తపడాలి.

మిల్వాకీ బ్రూవర్స్ 2025లో ఈ రెండు ఛాయలూ చూపించింది. ఆగస్టులో వరసగా 14 గెలిచి 1987 నాటి తమ రికార్డును దాటింది. బర్గర్లు మళ్లీ పంచారు. చివరి రెండు విజయాల్లో ఒకటి 8-1తో వెనకబడి తిరిగి పుంజుకున్నది, ఇంకొకటి 11 ఇన్నింగ్స్ దాకా సాగింది. ఆగస్టు 17న సిన్సినాటి రెడ్స్ 10 ఇన్నింగ్స్‌లో 3-2తో ఆపింది. సీజన్‌ని బ్రూవర్స్ అందరికన్నా ఎక్కువగా 97 విజయాలతో ముగించింది. డాడ్జర్స్‌తో ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌లూ గెలిచింది. అక్టోబర్‌లో నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో అదే డాడ్జర్స్ ఎదురైతే 4-0తో ఓడింది, నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి నాలుగే పరుగులు చేసింది. బ్రూవర్స్ బ్యాటర్లలో ఎక్కువమంది ఆగస్టులో ఆడినవాళ్లే. ఎదురుగా వరసగా దిగిన పిచ్చర్లు బ్లేక్ స్నెల్, యోషినోబు యమమోటో, టైలర్ గ్లాస్‌నో, షోహై ఓతానీ. నాలుగో మ్యాచ్‌లో ఓతానీ పది మందిని స్ట్రైక్ అవుట్ చేసి, మూడు హోమ్ రన్లు కూడా తనే కొట్టాడు.